కుళాయి కింది మరక

ఆదివారం ఫొటోలో మనిషి చెయ్యి కనపడకూడదు. సోమవారం ఫొటోలో బొటనవేలు కనపడి తీరాలి. "చిన్న పట్టాలు" గ్రూపుకి ఉన్న చట్టాలు ఈ రెండే. ఇంట్లో ఏ మూలో బల్ల వేసుకుని బొమ్మ రైళ్ళకి ఊళ్ళు కట్టుకునే పెద్దమనుషులందరూ ఆదివారం పొద్దున్నే ఫోనుని పట్టాల ఎత్తుకి దించి, చూసినవాళ్ళు నిజం స్టేషనే అని భ్రమపడేలా ఓ ఫొటో తీసి పెడతారు. ఆ వారం ఎవరి ఫొటోకి ఎక్కువ మెప్పు వస్తే వాళ్ళు మర్నాడు అదే చోట బొటనవేలు ఆనించి మళ్ళీ తీసి పెట్టాలి. గింజంత బెంచీ పక్కన గుమ్మడికాయంత వేలు ప్రత్యక్షం కాగానే అందరూ హాయిగా నవ్వుకుంటారు. ఇందులో నవ్వడానికేముందో వాళ్ళ ఇళ్ళల్లో ఎవరికీ ఇప్పటికీ అర్థం కాలేదు.

పళ్ళ మేడం గ్రూపులో చేరి చాలా కాలమైంది. ఆవిడ బొటనవేలు చూపించమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఆ పేరు వాళ్ళు పెట్టిందే. ఆవిడ పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. అక్కడ మిగిలిపోయిన ప్లాస్టరు తెచ్చి కొండలు పోస్తానని ఓసారి అమాయకంగా చెప్పుకుంది. అంతే, గ్రూపుని నడిపే స్కేలు గారు దొరకబుచ్చుకున్నారు. స్కేలు గారంటే రిటైరైన సర్వేయరు. ఎవరు ఏ ఫొటో పెట్టినా అందులో ఓ కొలత తప్పు పట్టుకుంటే గానీ ఆయనకి తెల్లారదు. "మీ కొండ నమలడానికి బాగుంటుంది మేడం, ఎక్కడానికే పనికిరాదు" అని రాశారు. అందరూ పడీ పడీ నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. ఆవిడా ఒకటి పెట్టింది. పెట్టి, ఆ పూట అన్నం సహించక కంచం ముందు నుంచి లేచిపోయింది.

ఈ ఆదివారం సంగతి వేరు. త్వరలో టౌన్ హాల్లో గ్రూపు వాళ్ళ ప్రదర్శన ఉంది. గోడల వెంట అందరికీ బల్లలు వేస్తారు గానీ, నడిమధ్యన, పై అద్దాల్లోంచి వెలుతురు నేరుగా పడే చోట ఒక్కటే పెద్ద బల్ల. ఈ ఆదివారం ఎవరి ఫొటో నెగ్గితే ఆ నడిబల్ల వాళ్ళది. అది వంతెన గారికే వస్తుందని అందరికీ తెలుసు. ఆయన వాచీలు బాగుచేస్తారు. ఏళ్ళ తరబడి ఒకే ఒక్క రాతి వంతెన కడుతున్నారు, ఒక్కో రాయీ ప్లాస్టరులో విడిగా చెక్కి. పళ్ళ మేడానికి నడిబల్ల మీద ఆశ లేదు. అబద్ధం, ఉంది. ఎంత ఉందంటే, వారం రోజులుగా నిద్రలో కూడా కాళ్ళు కుదురుగా ఉంచుకోలేదని భర్త విసుక్కున్నాడు.

ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి కాబట్టి ఇంట్లో చోటు లేని కొరత తీరింది. స్టేషను కట్టిన బల్లని కప్పీలూ తాళ్ళూ బిగించి కప్పుకి వేలాడదీశాడు. కావలసినప్పుడు కిందికి దించుకోవాలి. దిగితే దిగేది అత్తగారి మంచం మీదికే. "ఏదో ఒకనాడు రైలొచ్చి నా గుండెల మీద ఆగుతుంది. టికెట్టు నన్నే చింపమంటారు" అంటుంది అత్తగారు. అంటుందే గానీ, బల్ల దిగుతుంటే తాడు పట్టుకునేదీ ఆవిడే.

కోడలు కట్టింది వాళ్ళ వీధి వెనకాల ఉన్న పాత స్టేషనునే. రోజుకి ఒకటో రెండో బళ్ళు ఆగే చిన్న స్టేషను. రేకుల కప్పు, దాని కింద ఓ బెంచీ, ప్లాట్‌ఫారం చివర గోడకి ఓ కుళాయి. పోల్చి చూసుకోవడానికని శనివారం పొద్దున, మంచు ఇంకా విడకముందే వెళ్ళి, ఎదుటి కాలిబాట మీద గొంతుక్కూచుని, ఫోను నేలకి ఆనించి అసలు స్టేషనుని ఫొటో తీసింది. ఆదివారం పొద్దున బల్ల దించి, సరిగ్గా అదే కోణంలో తన స్టేషనుని తీసింది. ఫోనులో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. గ్రూపులో పెట్టడానికి తన స్టేషను మీద వేలు వెయ్యబోతుండగా వంటింట్లోంచి అత్తగారు "పాలు పొంగుతున్నాయే!" అని అరిచింది. నొక్కి, పరిగెత్తింది.

పాలు సగం పొయ్యి పాలయ్యాయి. పొయ్యి తుడుచుకుని, వంట చేసి, తల స్నానం చేసి వచ్చేసరికి అలమారలో ఫోను గుర్రుమంటూ గుండ్రంగా తిరుగుతోంది. తీసి చూసింది. ఒకరి తర్వాత ఒకరు. "మేడం, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు ఈ చెయ్యి?" "రేకుల కింద ఆ నీడ చూస్తుంటే చలేస్తోంది." "ఆ కుళాయి కింద తుప్పు మరక! నాకు దాహమేసింది." చివరికి స్కేలు గారు కూడా: "అద్భుతం. కొలతలు నూటికి నూరు. ఒక్కటే లోపం. బెంచీ ఓ పక్కకి ఒరిగింది. నిజం బెంచీలు ఎక్కడా అలా ఉండవు. సరిచేసుకోండి. నడిబల్ల మీదే."

ఆవిడ గోడకి చేరగిలబడి అన్నీ చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.  ఆ తర్వాత ఆ కుళాయి మరక మాట దగ్గర ఆగింది. తను కుళాయి కింద మరకేమీ వెయ్యలేదు.

ఫొటో పెద్దది చేసి చూసింది. తను పెట్టింది శనివారం తీసిన అసలు స్టేషను ఫొటో.

తీసేద్దామనే అనుకుంది. వేలు అక్కడిదాకా వెళ్ళింది కూడా. సరిగ్గా అప్పుడే వంతెన గారి మాటలు పైకి తేలాయి: "అమ్మా, ఇంత మంచి పనికి చోటిచ్చి నా వంతెన సంతోషంగా గోడవారకి జరుగుతుంది." ఆవిడ ఫోను బోర్లా పెట్టేసింది. కాసేపాగి తీసేద్దామనుకుంది. ఆ కాసేపు సాయంత్రమైంది, సాయంత్రం పోయి రాత్రయింది. ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్న కోడల్ని చూసి అత్తగారు, "పాలేగదమ్మా పోయింది" అని ఓదార్చింది.

*

సోమవారం బొటనవేలు.

పొద్దున ల్యాబుకి వెళ్ళే దారిలో ఆవిడ మళ్ళీ ఆ కాలిబాట మీద కూచుంది. ఉపాయం రాత్రే తట్టింది. వేలుని ఫోను కంటికి బాగా దగ్గరగా పెడితే దూరాన ఉన్న బెంచీ కంటే పెద్దదిగా కనపడుతుంది. తట్టినప్పుడు సిగ్గేసింది. సిగ్గు ఒక పక్క, ఉపాయం ఒక పక్క పడుకున్నాయి గానీ పొద్దున లేచేసరికి ఉపాయమే ముందు లేచింది.

చెయ్యబోతే అంత తేలిక కాలేదు. వేలు స్పష్టంగా పడితే స్టేషను అలుక్కుపోతోంది. స్టేషను తేటగా వస్తే వేలు పిండిముద్దలా ఉంటోంది. ఫోను జరిపింది, చెయ్యి మార్చింది, చీర కుచ్చిళ్ళు దుమ్ములో పెట్టుకుని ఇంచుమించు పడుకుంది. ప్లాట్‌ఫారం ఊడుస్తున్న ఆవిడ చీపురు ఆపి కేకేసింది.

"ఏం పోయిందమ్మా? చెవి పోగా?"

"ఆఁ... పోగే."

"బంగారమా?" అంటూ ఆ మనిషి చీపురు అక్కడే పడేసి, పట్టాలు దాటి వచ్చి, పక్కనే గొంతుక్కూచుని కంకర ఏరడం మొదలెట్టింది. పళ్ళ మేడం కూడా ఏరక తప్పలేదు. ఆవిడ రెండు చెవులకీ పోగులు వేలాడుతూనే ఉన్నాయి. జుట్టు ముందుకి లాక్కుని కప్పుకుంది. చాలాసేపు వెతికాక ఆ మనిషి, "ఊడ్చేటప్పుడు చూస్తుంటాలే, దిగులు పడకు" అని చెప్పి వెళ్ళింది. అప్పటికి ఎండ బాగా వచ్చింది. ఎండలో తీసిన మొదటి ఫొటోకే వేలూ స్టేషనూ రెండూ కుదిరాయి. వేలు బెంచీని పడిపోకుండా పట్టుకున్నట్టు వచ్చింది.

గ్రూపు మురిసిపోయింది. "గోరు సందులో ప్లాస్టరు చూశారా? పనిమంతుల వేలంటే అదీ!" అని ఒకరు. ఆ ప్లాస్టరు మాత్రం నిజమైందే. ఆ ఒక్క మాట ఆవిడ రోజంతా దగ్గర పెట్టుకుంది.

మంగళవారం పళ్ళ మేడం ల్యాబులో ఓ ముసలామెకి కట్టే పళ్ళ సెట్టు మీద పనిచేస్తోంది. ముసలి నోట్లో పాలలాంటి పళ్ళు పెడితే కట్టుడు పళ్ళని వీధి చివర నుంచే తెలిసిపోతుంది. అందుకని ఒక పన్ను ఓ వెంట్రుకవాసి పక్కకి తిప్పాలి, చిగురు దగ్గర సన్నటి బ్రష్షుతో కొంచెం పసుపు, కొంచెం గోధుమరంగు అద్దాలి. ఆవిడ చేతిలో ఉన్న విద్యల్లో ఇది మేలైంది. ఆ పూట మాత్రం ఎడమ కోరపన్ను తెచ్చి కుడి పక్క దిగేసింది. ల్యాబు ఓనరు వెనక నుంచి చూసి, "ఎవరి మీద కోపమమ్మా? ఈవిడ నవ్విందంటే మనవలు జడుసుకుంటారు" అన్నాడు. ఆవిడ మైనం వేడిచేసి ఆ పన్ను పీకుతుండగా ఫోను మోగింది.

"అమ్మా, నేను, వంతెన..." గొంతు మెత్తగా ఉంది. ఇంతవరకూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. "పనిలో ఉన్నారేమో. ఒక్క ముక్క అడిగి పెట్టేస్తాను. ఆ కుళాయి కింద మరక ఎలా వేశారమ్మా? మొన్నటి నుంచి కళ్ళముందు అదే ఉంది. నా వంతెన కాళ్ళు నీళ్ళలో నిలబడ్డాయి, ఒక్క నీటి మరక లేదు. ఇన్నేళ్ళుగా నాకు తోచనే లేదు చూడండి."

ఆవిడ చుట్టూ చూసింది. ఎదురుగా టీ గ్లాసు ఉంది.

"టీ డికాషనండీ" అంది. "చిక్కగా కాచి, అందులో తుప్పుపట్టిన మేకులు నానబెట్టాలి. తర్వాత బ్రష్షుతో అద్దడమే."

"అంతేనా! ముందు ఏదన్నా పూత వెయ్యాలా?"

"అక్కర్లేదండీ."

ప్లాస్టరు ఏది పోస్తే అది తాగేస్తుందని, ముందు పూత వేసి దాని దాహం తీర్చకపోతే మరక మనం చెప్పిన చోట ఆగదని ఆ ల్యాబులో ఆవిడ కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. కానీ ఆ నిమిషానికి ఆ ఫోను పెట్టేస్తే చాలనిపించింది. ఆయన రెండుసార్లు థాంక్స్ చెప్పి పెట్టేశారు.

*

ఆ వారమంతా అత్తగారికి మంచం దక్కలేదు. ల్యాబు నుంచి రావడం, బల్ల దించడం, రెండు ఫొటోలూ ముందేసుకుని చూడటం. ప్రదర్శన రోజుకి తన స్టేషను ఆ ఫొటోలా తయారై తీరాలి. లేకపోతే నడిబల్ల చుట్టూ చేరినవాళ్ళంతా ముక్కు మీద వేలేసుకుంటారు. మొదట ఆ భయంతోనే చూసింది. చూడగా చూడగా ఇంకో బాధ మొదలైంది. తన స్టేషనులో తప్పేమీ లేదు. రేకులు తిన్నగా ఉన్నాయి, బెంచీ తిన్నగా ఉంది, గోడ తెల్లగా, కుళాయి తళతళలాడుతూ ఉంది. కొత్త పళ్ళ సెట్టులా ఉంది. ముసలి నోటికి పన్ను పక్కకి తిప్పే మనిషి, ముసలి స్టేషనుకి ఆ పని చెయ్యాలని ఇన్నాళ్ళూ తోచకపోవడమేమిటి? స్కేలు గారి మీద వచ్చిన కోపం కంటే ఎక్కువ కోపం తన మీదే వచ్చింది.

బెంచీ కాలు ఒకటి విరిచి, నేలలోకి దిగిపోయినట్టు అతికించింది. రేకుల్లో ఒకటి ఊడదీసి, వేరే రంగు రేకు వేసింది. గోడ అంచు పెచ్చులూడగొట్టింది. అవి కుదిరాయి. మరక కుదరలేదు. రంగు వేస్తే రంగులాగే ఉంది. తుడిచి, మళ్ళీ వేసి, మళ్ళీ తుడిచింది. గురువారం స్టేషనుకి వెళ్ళి కుళాయి దగ్గర వంగి చూసింది. వేలితో రాసింది. ఊడ్చే ఆవిడ దూరం నుంచి, "పోగు దొరికిందా?" అని అడిగింది.

"దొరికింది."

"దొరికితే చెప్పొద్దటమ్మా? నేను రోజూ కంకరంతా చూసుకుంటున్నా" అని ఆ మనిషి నొచ్చుకుంది. ఆవిడ తల తిప్పుకుని వచ్చేసింది.

శుక్రవారం స్కేలు గారు గ్రూపులో రాశారు: "వంతెన గారు ప్రదర్శన నుంచి తప్పుకున్నారు. కారణం చెప్పలేదు. తన చేతిలో పనితనం పోయిందని మాత్రం అంటున్నారు. ఎవరన్నా వెళ్ళి నచ్చజెప్పండి."

 వెళ్ళి నచ్చజెప్పమని ఎవరికి రాశారో ఆవిడకి తెలియలేదు గానీ, వెళ్ళాల్సింది ఎవరో మాత్రం తెలిసింది. ల్యాబులో తలనొప్పని చెప్పి బయటపడింది.

వాచీల దుకాణం రెండు పెద్ద కొట్ల మధ్య ఇరుక్కుని ఉంది. గోడ నిండా గడియారాలు, ఏ రెండూ ఒక టైము చెప్పడం లేదు. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని ఖాళీ బల్ల ముందు కూచుని ఉన్నారు. ఈవిడ తనెవరో చెప్పగానే లేచి నిలబడ్డారు. ఉన్న ఒక్క కుర్చీ తుడిచి ఇచ్చారు.

"మీరు రావడమేమిటమ్మా, ఇంత దూరం."

"వంతెన చూద్దామనండీ."

లోపలి గదిలో గుడ్డ కప్పి ఉంది. ఆయన గుడ్డ తీశారు. వంతెన కాళ్ళన్నీ టీలో ముంచిన బిస్కెట్లలా ఉన్నాయి. మరక కాళ్ళ దగ్గర ఆగలేదు. రాళ్ళ సందుల్లోంచి పైకి పాకి, కమానులు ఎక్కి, ఒకచోట పట్టాల దాకా పోయింది.

"మీరు చెప్పినట్టే చేశానమ్మా. మేకులు కూడా మంచి తుప్పువే. మీ చేతిలో కుళాయి కింద ఆగిన మరక నా చేతిలో ఎందుకు ఆగలేదో... చెయ్యి తేడా. వయసు కూడా వచ్చింది." ఆయన నవ్వారు. ఆ నవ్వు చూడటం ఆవిడ వల్ల కాలేదు.

"నేను అబద్ధం చెప్పానండీ" అంది. మొదలెట్టాక ఇక ఆగలేదు. పాలు పొంగడం, ఫొటో తారుమారు, కాలిబాట, బొటనవేలు, లేని పోగు, టీ గ్లాసు, అన్నీ చెప్పింది. పూత వెయ్యాలని తెలిసీ చెప్పలేదని కూడా చెప్పింది. ఆయన వింటూ భూతద్దం తీసి చొక్కా అంచుతో తుడుస్తూ ఉన్నారు. అయిపోయాక కూడా తుడుస్తూనే ఉన్నారు.

"వంతెనదేముందమ్మా" అన్నారు చివరికి. "పోతే మళ్ళీ చెక్కుకుంటాను. కానీ రెండు రోజుల నుంచి నా చేతుల్లో పస అయిపోయిందనే అనుకున్నాను. పొద్దున ఒకాయన వాళ్ళ నాన్న వాచీ తెచ్చాడు. విప్పడానికి భయమేసింది. నా వల్ల కాదని వెనక్కిచ్చేశాను. ఈ కొట్లో ఇన్నేళ్ళలో ఆ మాట అనలేదమ్మా నేను."

ఆవిడకి ఏడుపొచ్చింది. తను ఏడిస్తే ఆయన ఓదార్చాల్సి వస్తుందని పళ్ళు బిగబట్టింది.

"గ్రూపులో అందరికీ చెప్పేస్తానండీ."

ఆయన వద్దనలేదు. "చెప్పండి" అన్నారు.

దుకాణం మెట్ల మీదే నిలబడి రాసేసింది. తడుముకోకుండా రాసింది.  అందరూ ఒక్కసారే పలికారు. స్కేలు గారు, "నాకు మొదటిరోజే అనుమానం వచ్చింది" అన్నారు. ఎవరో ఉండబట్టలేక, "మరి నిజం బెంచీలు అలా ఉండవన్నారు కదండీ?" అని అడిగారు. దాంతో ఆయన ఒంటికాలి మీద లేచారు. నడిబల్ల వంతెన గారిదన్నారు. పళ్ళ మేడానికి గోడవార బల్ల కూడా లేదన్నారు. ఇక మీదట ఈ గ్రూపులో ఆవిడ ఏ ఫొటో పెట్టినా నమ్మేవాళ్ళెవరూ ఉండరని కూడా అన్నారు. ఆవిడ అన్నిటికీ "సరేనండీ" అని ఒకే జవాబు పెట్టింది.

శనివారం ల్యాబుకి సెలవు పెట్టి, రబ్బరు గిన్నె, గరిట, చెక్కే పనిముట్లు, పళ్ళ అచ్చులకి వాడే గట్టి ప్లాస్టరు సంచీలో వేసుకుని దుకాణానికి వెళ్ళింది. ఆయన లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు. పక్కకి జరిగారు. ఆవిడ మరక తాగిన పైపొరని సన్నగా గీకేసింది. ప్లాస్టరు పలచగా కలిపి, గిన్నెని బల్లకేసి తట్టి, పైకొచ్చిన గాలిబుడగలు పోగొట్టి, బ్రష్షుతో ఒక్కో కమానుకీ పూసింది. అది గట్టిపడుతుండగానే రాళ్ళ సందులు మళ్ళీ చెక్కాలి. కొంతసేపు ఆయన చూస్తూ నిలబడ్డారు. తర్వాత భూతద్దం బిగించుకుని రెండో పక్క నుంచి చెక్కడం మొదలెట్టారు. పనిముట్టు ఎక్కడా గీత తప్పలేదు. ఇద్దరూ ఆ సంగతి గమనించారు, ఇద్దరూ దాని ఊసెత్తలేదు.

ఆఖరి కాలు దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆపారు. "దీన్ని ఉండనివ్వమ్మా. ఇక్కడ మరక మంచిచోట ఆగింది."

నిజమే. ఆ కాలికి మరక నీటి గీత దగ్గర ముదురుగా ఆగి, లోపల వెలిసిపోయి, ఓ రాతి సందు పట్టుకుని పక్కకి జారింది. ఎవరూ వెయ్యనట్టు ఉంది. ఆవిడ వంగి చాలాసేపు చూసింది. తను మరకని గీస్తూ వచ్చింది. గీస్తే రాదు. నీటిబొట్టు పడాలి, గోడ తాగాలి, ఆరాలి, దాని మీద ఇంకో బొట్టు పడాలి.

బయల్దేరుతుంటే ఆయన సంచీ అందిస్తూ, "నిజం చెప్పారు. అది చాలమ్మా" అన్నారు. ఆ మాటతో ఇల్లు చేరడం కూడా తెలియలేదు.

ఎండ పోకముందే బల్ల దించింది. కుళాయి కింద గోడకి వేసిన రంగంతా గీకి ప్లాస్టరు బయటపెట్టింది. చుట్టూ పూత వేసి, ఫొటోలో మరక దిగిన దారి మాత్రం వదిలేసింది. డికాషను సూది సిరంజిలోకి ఎక్కించి, కుళాయి మూతి దగ్గర నుంచి ఒక్కో బొట్టే వదిలింది. బొట్టు పడ్డాక విసనకర్రతో విసిరి ఆరబెట్టడం, మళ్ళీ బొట్టు. విసరడం అత్తగారి వంతు. "నేను చచ్చాక కూడా నా మంచం మీద ఇంత సేవ జరగదు" అంటూ విసిరింది.

*

ఆదివారం పొద్దున తలుపులన్నీ తెరిచి, తెల్లటి వెలుతురులో ఫొటో తీసింది. ఈసారి ఫోనులో ఇంకే ఫొటో పక్కన లేకుండా చూసుకుంది. నడిబల్ల లేదు, గోడవార కూడా లేదు. ఎవరో ఒకరు చూసి, ఇది నువ్వు చేశావా అంటే చాలనిపించింది. కింద "ఇది నా స్టేషను" అని రాసి పెట్టింది.

ఎంతకీ ఉలుకూ పలుకూ లేదు. ఆవిడ వంటింటికీ గదికీ మధ్య తిరిగింది. తర్వాత ఒకరు: "మళ్ళీ స్టేషనుకెళ్ళారా మేడం?" ఇంకొకరు: "ఒకసారి మోసపోయాం, చాలు." మరొకరు: "బొటనవేలు పెడతానని మాత్రం అనకండి, ఆ విద్య మాకు తెలిసిపోయింది." స్కేలు గారు ఒక్క ముక్కే రాశారు: "ఇక్కడ అసలు స్టేషన్ల ఫొటోలు నిషేధం." ఆ తర్వాత ఫొటో మాయమైంది. ఫొటో వెనకాలే గ్రూపు కూడా మాయమైంది. ఆవిణ్ణి తీసేశారు.

ఒళ్ళు మండిపోయింది. ఎవరికి ఫోను చేసి తిట్టాలో ఆలోచిస్తుండగానే ఫోను మోగింది. వంతెన గారు. ప్రాణం లేచొచ్చింది.

"అమ్మా, మళ్ళీ ఎందుకు చేశారు?"

ఆవిడ ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"వాళ్ళంటే మళ్ళీ మోసమే అనుకుంటారు. నేను అనుకోలేకపోయాను. నిన్న అంతసేపు పక్కన కూచుని పనిచేశారు."

"ఇది నేను చేసిందేనండీ. నిజం."

"నాకా చెప్తారు? నిన్న మీరు వెళ్ళాక కొట్టు మూసి ఆ స్టేషనుకి వెళ్ళానమ్మా. ఇంత గొడవకి కారణమైన మరక ఎలా ఉంటుందో చూద్దామని. భూతద్దం పెట్టి మరీ చూశాను, అక్కడ ఊడ్చే ఆవిడ నాకు పిచ్చి అనుకుంది. పైన నల్లగా మొదలై, మధ్యలో వెలిసి, ఇటుక సందు దగ్గర ఎడమకి తిరిగి, అక్కడ నుంచి సన్నగా కిందికి దిగుతుంది. మీ ఫొటోలో ఉన్నది అదే మరక. మనిషి చెయ్యి అలా వెయ్యదమ్మా. నా చెయ్యి వెయ్యదు, మీ చెయ్యీ వెయ్యదు."

ఆవిడ బల్ల పక్కన అత్తగారి మంచం అంచు మీద కూచుంది. వారం రోజుల్లో మొదటిసారి ఒకచోట కూచుంది. కోపం ఎటు పోయిందో తెలియలేదు. తను వేసిన మరకని అసలు మరకే అంటున్నారన్న సంతోషం, దాంతోపాటే ఈయన నమ్మకం పోయిందన్న బాధ. రెండూ ఒకదాన్నొకటి కదలనివ్వడం లేదు.

"రేపు మా ఇంటికి రండి. చూపిస్తాను."

"చూపిస్తే చూస్తాను. అందాకా నమ్మను. నన్ను ఇంకోసారి వెర్రివాణ్ణి చెయ్యకండి."

"చెయ్యనండీ. రేపు తప్పకుండా రండి." ఆయన పెట్టెయ్యబోతుంటే ఆవిడే ఆపింది. "ఒక్క నిమిషం. ఇంకా ఏం చూశారండీ?"

"అంటే?"

"స్టేషనులో ఉన్నట్టే ఫొటోలో ఉన్నవి. మరక కాకుండా ఇంకా ఏమున్నాయి?"

"నిలదీద్దామని ఫోను చేస్తే నాకే పరీక్ష పెడుతున్నారా?"

"చెప్పండి, దయచేసి."

 ఆయన కోపంగానే బెంచీ దగ్గర మొదలుపెట్టారు. ఏ కాలు ఎంత దిగిందో, రేకుల్లో రంగు తేడా ఎక్కడుందో, గోడ అంచు ఎక్కడ పెచ్చులూడిందో ఒక్కోటీ చెప్పుకొచ్చారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, మధ్యలో అడ్డురాకుండా, చివరిదాకా వింది.